ఐసు పెట్టెలో మొక్కు మాంసం

మా అత్తగారింట్లో ఎల్లమ్మకు మొక్కిన యాట మాంసం పొలిమేర దాటకూడదు. కోసిన చోటే వండాలి, వండిన చోటే తినాలి, మిగిలితే చుట్టుపక్కల చేన్లవాళ్లకు పంచేయాలి. ఎముక ముక్క కూడా ఇంటికి రాకూడదు. కొత్త కోడలిగా ఈ మాట విన్నప్పుడు ఇందులో కష్టమేముందిలే అనుకున్నాను. కోసిన పూటే తినేస్తే పొలిమేరతో పనేముంది?

రెండు తరాల కింద మా ఆయన తాత మద్దూరు వైపు నుంచి సిద్దిపేటకు వచ్చి మగ్గం పెట్టుకున్నాడు. మగ్గం ఆయన కొడుకుతోనే ఆగిపోయింది. ఇల్లు సిద్దిపేటలో, బతుకు సిద్దిపేటలో, దేవత మాత్రం మద్దూరు దగ్గర చేన్ల మధ్య ఒక చిన్న గుట్ట పక్కన ఉండిపోయింది. మొక్కు ఉన్న ఏడాది ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లి మూడు రోజులు గుడారాల్లో ఉంటాం. ఆ మూడు రోజులూ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. అందుకని ఇంటికి తాళం వేసి, టెంటు హౌస్ నుంచి గుడారాలు కిరాయికి తీసుకుని అందరం కదులుతాం.

ఈసారి మొక్కు మా యారాలి కోసం, అంటే మా మరిది భార్య కోసం. పెళ్లయి ఎనిమిదేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి మూడో నెలలో పోయింది. రెండోసారి దవాఖానలో ఆమె పక్కన నేనే ఉన్నాను. గోడ వైపు తిరిగి పడుకుని, ఏడవను కూడా ఏడవకుండా, "అక్కా, ఇంటికి పోదాం" అని మాత్రం అంది. మూడోసారి నిలిచినప్పుడు మా అత్త ఎవరినీ అడక్కుండా మొక్కేసింది. ఐదో నెల పడితే యాటను ఇస్తానని, మొగుడూ పెళ్లాం ఒకే విస్తరిలో తింటారని, మొదటి ముద్ద అతను ఆమెకు పెడతాడని.

ఐదో నెల పడింది. డాక్టరమ్మ ప్రయాణానికి సరేనంది గానీ ఒక మాట గట్టిగా చెప్పింది. నిలవ తిండి, పాడైన మాంసం కడుపులోకి పోయి ఏదైనా తేడా చేస్తే ఈసారి కూడా ప్రమాదమేనంది. ఆ గదిలో ఆ మాట విన్నది నేనూ మా యారాలే.

"తిండి సంగతి నేను జూసుకుంట డాక్టరమ్మా, దానికి రంది వెట్టుకోకుండ్రి" అన్నాను. అలా అనే ధైర్యం ఎక్కడిదంటే, సిద్దిపేటలో నాకు కర్రీ పాయింట్ ఉంది. పదేళ్లుగా రోజూ కూరలు వండి కవర్లలో కట్టి అమ్ముతున్నాను. నా కూర తిని ఒక్కరికి కడుపు నొచ్చిందన్న మాట పడలేదు. తిండి విషయంలో మా ఇంట్లో నా మాటే చెల్లుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

వారం ముందే కాగితం తీశాను. పదకొండు మంది, మూడు రోజులు, ఏప్రిల్ ఎండలు. శనివారం పొద్దుగూకేసరికి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. ఆదివారం పొద్దున సర్వపిండి, అది ఎండకు చెడదు. మధ్యాహ్నం యాట కూర, బగార అన్నం. సోమవారం మధ్యాహ్నం పప్పు, అన్నం తిని గుడారం విప్పడం. పాలు, పెరుగు, కొత్తిమీర, అల్లం వెల్లుల్లి ముద్ద ఐసు పెట్టెలో. చేపల దుకాణం నుంచి పెద్ద థర్మాకోల్ పెట్టె తెచ్చి, వాసన పోయేదాకా నిమ్మకాయ రుద్ది మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. ఐసు ఫ్యాక్టరీలో గడ్డ కొట్టించి అందులో పెట్టాను. పెట్టె చుట్టూ వడ్ల పొట్టు నింపిన గోనెసంచులు పేర్చాను. పిల్లల నీళ్ల సీసాలకు వేరే చిన్న పెట్టె. పెద్దదాని మూత నేను తప్ప ఎవరూ ముట్టకూడదని హుకుం కూడా జారీ చేశాను.

మా ఆయన చూసి నవ్వాడు. "నన్ను గూడ ఎన్నడు గింత మంచిగ జూసుకోలేదు గదనే నువ్వు."

"రేపు పెరుగు పులిసిందంటె ముందుగాల మొత్తుకునేది నువ్వే. తప్పుకో" అన్నాను.

శనివారమంతా నా కాగితం ప్రకారమే నడిచింది. ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. మా మరిది భివండిలో పవర్‌లూమ్‌లో పని చేస్తాడు. శనివారం బస్సెక్కాడు, ఆదివారం పొద్దుటికి దిగాలి. బస్సు షోలాపూర్ దాటాక చెడిపోయిందట. సామాను తెప్పించి బాగుచేసి కదిలేసరికి ఆలస్యమవుతుందని, సోమవారం మధ్యాహ్నం లోపల వచ్చే ఆశ లేదని చెప్పాడు. ఇక్కడేమో పూజ చేసే బైండ్లవాళ్లు ఆ సాయంత్రమే నంగునూరు వైపు ఇంకో పండుగకు వెళ్లాలి. యాటను ఆదివారమే ఇవ్వక తప్పదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అత్త కాసేపు ఆలోచించి తేల్చేసింది. యాటను ఈ రోజే కోస్తారు, పూజకు వచ్చే చుట్టాలకు వండి పెడతారు. మొగుడూ పెళ్లాల పాలు, అంటే కుడి జబ్బ మాంసం, కార్జం, పచ్చిగానే ఉంచి, రేపు అతను వచ్చే వేళకు వండుతారు.

"ఇయ్యాల్నే వండి పెడితె రేపు ఎచ్చ జేస్కోవచ్చు గదత్తమ్మా" అన్నాను.

"సద్ది కూరతోని మొక్కు తీరుస్తరానే? ఎవరన్న ఇంటె నవ్విపోతరు."

"పోనీ, బండి మీద సిద్దిపేటకు పోయి ఫ్రిజ్‌ల పెట్టొస్తరు. ఎంత దూరం, గంట తొవ్వ."

అత్త నా వైపు చూసింది. పొలిమేర సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నా నోరు ఊరుకోదు కదా.

"ఏం గాదు, నా పెట్టెల రేపటిదాక రాయిలెక్క ఉంటది. నాది జిమ్మ" అన్నాను. ఆ పూచీ నన్ను ఎవరూ తీసుకోమనలేదు.

కోసిన వెంటనే వాళ్లిద్దరి వంతు మాంసాన్ని స్టీలు డబ్బాలో పెట్టి ఐసు పెట్టెలో దించాను. సాయంత్రం చుట్టాలు వెళ్లాక పెట్టె తెరిచి చూశాను. గడ్డ సగానికి పైగా ఉంది. కానీ రేపటి ఎండకు అది చాలదనిపించింది. అప్పుడు నాకు చిన్నప్పుడు మా వీధికి వచ్చే కుల్ఫీ బండాయన గుర్తొచ్చాడు. కుండలో ఐసు మీద గుప్పెళ్లతో దొడ్డుప్పు చల్లేవాడు. ఉప్పు చల్లితే ఐసు ఆగుతుందని అప్పుడే నా బుర్రలో నాటుకుపోయింది. ఆయన ఉప్పు వేసేది కుల్ఫీ గట్టిపడటానికని, ఉప్పుకు ఐసు తొందరగా కరిగితే ఆ నీళ్లు ఒంపి మళ్లీ మళ్లీ కొత్త ఐసు నింపేవాడని గమనించే వయసు కాదు నాది. వంట సామానులో రెండు కిలోల దొడ్డుప్పు ఉంది. రెండు పాకెట్లూ చించి గడ్డ మీద బోర్లించాను.

గంట తర్వాత మూత తీసి చెయ్యి పెడితే వేళ్లు కొరికినంత చల్లగా ఉంది. డబ్బా చుట్టూ తెల్లగా మంచు పట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అందరినీ పిలిచి చూపించాను. మా యారాలు కూడా డబ్బాను ముట్టుకుని, "అబ్బ, నువ్వున్నంక నాకేం బయమక్కా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి హాయిగా నిద్రపోయాను.

సోమవారం పొద్దున పాల కోసం పెట్టె తెరిస్తే గడ్డ లేదు. పెట్టెలో అన్నీ ఉప్పునీళ్లే. డబ్బా వాటిలో తేలుతోంది. నీళ్లలో చెయ్యి పెట్టాను. గుడారం బయట కుండలో నీళ్లే దీనికన్నా చల్లగా ఉంటాయి. పాలు అప్పటికే విరిగిపోయాయి. అవి ఎవరూ చూడకుండా గుడారం వెనక పారబోశాను. ఎవరూ అడక్కముందే దాచిపెట్టడం మొదలుపెట్టానని అప్పుడు నాకు తట్టలేదు.

డబ్బా మూత తీశాను. నీసు వాసన వేరు, పాడైన వాసన వేరు. పదేళ్లుగా రోజూ మాంసం ముట్టేదాన్ని, నాకు తేడా తెలియదా? వాసన పెద్దగా లేదు, ఉందా లేదా అన్నట్టుంది. కానీ ముక్క పట్టుకుంటే వేళ్లకు జిగట అంటింది. కార్జం రంగు మారింది. నా కర్రీ పాయింట్‌లో అయితే రెండో ఆలోచన ఉండదు. పనిలో చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజే చెబుతాను, అనుమానమొస్తే పారబొయ్యాలె, నన్ను అడిగే పని కూడ లేదు అని. ఇక్కడ అదే మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఇది కూర కాదు, మొక్కు. పారబోస్తే దేవత మీద పారబోసినట్టు. అంతకన్నా, రాత్రి అందరినీ పిలిచి చూపించుకున్నాను చూడండి, ఆ సిగ్గు.

మా ఆయన్ని పక్కకు పిలిచి మద్దూరు పోయి ఐసు తెమ్మన్నాను. "అట్లనే మటన్ ఏడన్న దొరుకుతదేమో సూడు" అని గొంతు తగ్గించి అన్నాను.

"సోమారం పొద్దుగాల ఎవరు గోస్తరే? అయినా మనకెందుకు? ఉన్నది గదా" అన్నాడు.

"ఊకె అడిగిన."

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "మంచిగున్నదా మాంసం?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది" అన్నాను. తేలు కుట్టిన దొంగ బతుకు ఎలా ఉంటుందో ఆ పొద్దు తెలిసింది నాకు. ఆయన కిరాణా దుకాణంలో గడ్డకట్టిన నీళ్ల పాకెట్లు ఆరు తెచ్చాడు. మటన్ ఎక్కడా లేదు. పాకెట్లు డబ్బా మీద పేర్చాను. పాడైనదాన్ని చల్లబెడితే బాగుపడదని నాకు తెలిసి కూడా పేర్చాను.

పదింటికి మరిది ఫోను చేశాడు. సంగారెడ్డి దాటాడట. అత్త నా దగ్గరికి వచ్చింది. "ఇగ మొదలువెట్టు బిడ్డా. వాడొచ్చేటాళ్లకు ఉడకాలె." మాంసం కడగడానికి కూర్చుంటే ఆమే చెంబుతో నీళ్లు పోసింది. పసుపు వేసి కడిగాను. మజ్జిగ వేసి కడిగాను. నిమ్మకాయ పిండి మళ్లీ కడిగాను.

"ఇంకెన్నిపార్లు గడుగుతవే?" అంది అత్త.

"కడుపుతోని ఉన్న మనిషి తినేది గదత్తమ్మా. జాగర్తగ ఉండద్దా?" అన్నాను. ఆ జవాబు నా నోటి నుంచి అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు రాళ్ల పొయ్యి మీద గిన్నె పెట్టాను. ఎప్పుడూ వేసేదానికి రెండింతలు అల్లం వెల్లుల్లి, రెండింతలు కారం, ధనియాల పొడి, గరం మసాలా వేశాను. ఉడికితే పురుగూ పుట్రా చచ్చిపోతుంది, ఏమీ కాదు అని ఒకసారి అనుకున్నాను. ఉడికినా కొన్ని విషాలు పోవని ఎవరో చెప్పింది మరుక్షణం గుర్తొచ్చింది. పక్కన నీడలో నులక మంచం మీద మా యారాలు కూర్చుని ఉంది. మొగుడితో పాటే తింటానని పొద్దున ఒక్క సర్వపిండి ముక్క తిని ఊరుకుంది.

"అక్కా, వాసన గుమగుమలాడుతున్నది. ఆకలి దంచుతున్నది" అంది.

నేను పొయ్యిలోకి చూస్తూ ఊదాను. ఊదాల్సిన పని లేదు, బాగానే మండుతోంది.

పన్నెండున్నరకు మరిది ఆటో దిగాడు. రెండు రోజుల ప్రయాణానికి కళ్లు పీక్కుపోయాయి. బోరు దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, కొత్త లుంగీ కట్టుకుని, గుట్ట దగ్గర దండం పెట్టుకుని వచ్చాడు. "వదినె, నీ కూర కోసమే గింత దూరం ఒచ్చిన" అన్నాడు. నేను నవ్వానో లేదో తెలియదు.

చాప పరిచారు. పెద్ద విస్తరి వేశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అత్త అన్నం పెట్టి, కూర గిన్నె నా చేతిలోంచి తీసుకుని వడ్డించింది. మొదట కార్జం ముక్క, తర్వాత జబ్బ ముక్కలు, పైన పులుసు. చుట్టూ అందరూ నిలబడ్డారు. మరిది అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. ఇంకా నాకు సమయముంది అనుకున్నాను. అతను ముద్ద పైకి లేపాడు. మా యారాలు సిగ్గుపడుతూ, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని నోరు తెరిచింది.

నేను వంగి అతని మణికట్టు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే ముద్ద విస్తరిలో రాలిపోయింది.

"తినవెట్టకు. అది పాడైంది."

ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయన ముందుగా తేరుకున్నాడు. "ఏందే? పొద్దుగాల అడిగితె మంచిగున్నదంటివి గదా?"

"అబద్దం చెప్పిన. ఐసు మీద ఉప్పు జల్లి నేనే కరగబెట్టిన. పొద్దుగాలనే జిగట వచ్చింది. నాకెరికె. ఎరికుండే కడిగిన, ఎరికుండే వండిన" అన్నాను. అన్నాక అక్కడే కూర్చుండిపోయాను. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందంటారు, పడితే పడనీ అనిపించింది.

మరిది లేచి పక్కకు పోయి చెయ్యి కడుక్కున్నాడు, సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాడు. మా ఆయన తిట్టాడు. ఆ తిట్లు నాకు చాలవనిపించింది. మా యారాలు మాత్రం నన్ను తిట్టలేదు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, నాకు కొంచెం దూరంగా చాప అవతలి అంచుకు జరిగింది. జానెడు కూడా ఉండదు ఆ జరగడం. మా ఆయన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ జానెడు ఒక ఎత్తు.

అత్త విస్తరి మడిచి గిన్నెలో వేసి లేచింది. గుట్ట పక్కన ఎవరూ తొక్కని చోట మా ఆయనతో గొయ్యి తవ్వించి, కూరంతా అందులో పోయించి మన్ను కప్పించింది. కుక్కలు తవ్వకుండా రాళ్లు పెట్టించింది. వచ్చి మరో పొయ్యి వెలిగించి, తన చేతులతో బియ్యం కడిగి బెల్లం అన్నం వండింది. కొత్త విస్తరి వేసింది. మరిది బెల్లం అన్నం ముద్ద చేసి భార్య నోట్లో పెట్టాడు. "తల్లికి చెప్పుకున్న. తీరినట్టే" అంది అత్త.

గుడారం విప్పుతుండగా నేనూ అత్తా బోరు దగ్గర గిన్నెలు తోమడానికి కూర్చున్నాం. కూర గిన్నెను నేను ఇసుకతో రుద్దుతున్నాను. తిడుతుందేమోనని చూస్తున్నాను. తిడితే బాగుండునని కూడా ఉంది.

"పొద్దుగాలనే నాకెరికె" అంది అత్త.

నేను రుద్దడం ఆపాను.

"నువ్వు గడుగుతుంటె నీళ్లు పోసింది నేను గాదా? నాకు ముక్కు లేదా?"

"మరి ఎందుకనలే అత్తమ్మా?"

"మొక్కింది నేను. పారబొయ్యుమని నేనే ఎట్లంట? రెండుపార్లు కడుపు పోతె, ఏం తక్కువ జేసిన్నో, తల్లికి ఏడ కోపమొచ్చిందో అని ఎన్ని దినాలు ఏడ్శిన్నో నీకేమెరిక. మల్ల నా నోటితోనే మొక్కు వద్దంటె ఏమైతదో అని బుగులైంది." చెంబులో మిగిలిన నీళ్లు గిన్నెలో పోసింది. "తిండి సంగతి నీకెరికె గదా. నువ్వంటవని సూసిన."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "నేననకపోతె?"

అత్త నా చేతిలో గిన్నె తీసుకుని రెండుసార్లు తొలిచి బోర్లించింది. అబద్ధం చెప్పదలచుకుంటే అంతసేపు పట్టదు.

"తిననిచ్చేదాన్నే బిడ్డా" అంది.

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్న ఆ పిల్ల ఆకలితో నోరు తెరుచుకుని కూర్చుంటే, తెలిసినవాళ్లం ఇద్దరం ఆమెకు అటొకరం ఇటొకరం నిలబడి, ఎవరు ముందు అంటారా అని ఒకరి నోరు ఒకరం చూస్తూ ఉన్నాం. ముద్ద ఆమె పెదవుల దాకా వచ్చేంతవరకూ నేను కూడా తిననిచ్చేదాన్నే.